వెలి, పొత్తు: మతం మారిన మనవారి ఒంటరితనం

మన పూర్వులు ఓడలో నేటాలుకు తెచ్చుకున్న మాటలలో “వెలి” ఒకటి. వెలి అంటే బయట. “వెలుపల” అనే మాట దీని బంధువే. ఊరికి బయట ఉన్న వాడ వెలివాడ. కులం నుండి, బంధువర్గం నుండి ఒకరిని బయటకు నెట్టడం వెలివేయడం. చిన్న మాటే అయినా దాని వెనుక మూసిన తలుపు ఒకటి ఉంటుంది.

దీనికి ఎదురుగా నిలిచే మాట “పొత్తు”. పొత్తు అంటే కలయిక, భాగస్వామ్యం. పాత తెలుగువారు చుట్టరికాన్ని “కంచం పొత్తు, మంచం పొత్తు” అని రెండు ముక్కలలో చెప్పేవారు. కలిసి భోజనం చేయడం కంచం పొత్తు. పిల్లను ఇచ్చి పుచ్చుకోవడం మంచం పొత్తు. ఈ రెండూ ఉన్నచోట మనిషి లోపలివాడు. ఇవి తెగినచోట వెలిలో ఉన్నవాడు. ఎవరి మనస్సులో ఏ నమ్మకం ఉన్నదో ఈ లెక్కలోకి రాదు.

ఇక “మతం” అనే మాటను చూడండి. సంస్కృతంలో దీని మొదటి అర్థం అభిప్రాయం. “అభిమతం”, “సమ్మతం” అనే మాటలలో ఆ పాత అర్థం ఇంకా బ్రతికి ఉంది. ఈ లెక్కన మతం మార్చుకోవడమంటే అభిప్రాయం మార్చుకోవడమే కావాలి. అభిప్రాయం ఒక రాత్రిలో మారవచ్చు. పొత్తులు అలా మారవు. పాతవి ఒక్క రోజులో తెగుతాయి, కొత్తవి కుదరడానికి ఒక తరం పడుతుంది. ఆ రెండింటి నడుమ నిలబడిన మనిషి కథే ఈ వ్యాసం. నియమాలు కఠినంగా ఉన్న మతంలో చేరినవారికి ఈ ఎడం మరింత వెడల్పుగా ఉంటుంది. మన కుటుంబాలలో అటువంటివారు చాలామంది ఉన్నారు. వారి గురించి మనం మాట్లాడుకున్నది తక్కువ.

మూడు నియమాలు

కథ ఒంగోలు ప్రాంతంలో మొదలుపెట్టడం మంచిది. అక్కడి సంఘాలకు, నేటాలులోని తొలి తెలుగు ప్రార్థన మందిరానికి నేరుగా సంబంధం ఉంది.

యెర్రగుంట్ల పేరయ్య తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ. తోళ్ల వ్యాపారం చేసేవాడు. క్రైస్తవుడు కాకముందు గురువుల వద్ద రాజయోగం అభ్యసించాడు. 1866లో ఆయన, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. వారి మాట విని చుట్టుపక్కల పల్లెలలో అనేకులు అదే దారి పట్టారు. అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ కొత్త సంఘానికి పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చేయరాదు. చచ్చిన గొడ్డు మాంసం తినరాదు. విగ్రహాలకు మొక్కరాదు.

వినడానికి ఇవి చిన్న నియమాలే. ఆనాటి పల్లెలో వాటి పర్యవసానం ఎంతటిదో ఆలోచించండి. మాదిగలు ఊరికి తోలుపని చేయాలి, చచ్చిన పశువును మోయాలి, జాతరలో డప్పు కొట్టాలి. ఈ పనులకు బదులుగా పంటలో కొంత గింజ వారికి దక్కేది. ఆదివారం కోతకు రాకపోతే రైతుకు కోపం. అమ్మవారి జాతరలో డప్పు కొట్టడమంటే విగ్రహపూజలో పాలు పంచుకోవడమే, కనుక అదీ మానాలి. డప్పు ఆగితే ఊరంతటికీ కోపం. గొడ్డు మాంసం ముట్టనంటే సొంత వాడలోని చుట్టాలకు కోపం. ఊరి పెద్దలు వారికి పని ఇవ్వడం మానేశారు. బావులకు, అంగడికి రాకుండా అడ్డుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. వీరు అంతకుముందే వెలివాడలో ఉన్నవారు. కొత్త మతంలో చేరి, వెలిలో మరొక వెలిని కొనితెచ్చుకున్నారు. అయినా చేరేవారు ఆగలేదు. 1876లో మొదలైన మహా కరువు కాలంలో, తిండి కోసం మతం మారారన్న నింద రాకూడదని మిషనరీలు చాలాకాలం బాప్తిస్మాలు నిలిపివేశారు. తిరిగి మొదలుపెట్టాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద 2,222 మంది ఒక్క రోజులో నీట మునిగి బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని ఆ పని నడిపారు.

అంతమంది కలిసి చేరడం వల్ల వారికి ఒక మేలు కలిగింది. కొత్త కంచం పొత్తు, కొత్త మంచం పొత్తు అక్కడికక్కడే దొరికాయి. వెలి వేసిన ఊరికి ప్రత్యామ్నాయంగా మరొక ఊరు ఏర్పడింది. ఒంటరిగా మతం మారినవారికి ఈ ఆసరా ఉండదు. మన కథలో ముందుకు పోయేకొద్దీ ఈ తేడా ముఖ్యమవుతుంది.

నెల్లూరు నుండి కీర్స్‌నీ తోటకు

1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుండి డర్బన్ చేరింది. ఆనాటి నుండి 1911 వరకు ఒప్పందపు కూలీలుగా నేటాలుకు వచ్చినవారు 152,184 మంది. వారిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుండి ఎక్కినవారు. విశాఖపట్నం, గంజాం, గోదావరి, కృష్ణా, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు వారిలో ఉన్నారు. ఒప్పందం అయిదేళ్లు. జీతం మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు.

ఓడ పట్టికలలో ప్రతి మనిషికీ ఒక వరుస ఉంటుంది. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, ఊరు, తాలూకా. మతానికి వేరుగా గడి లేదు. క్రైస్తవులకు కులం గడిలోనే “క్రిస్టియన్” అని వ్రాశారు. గుమాస్తాకు అది సులువైన పని. ఆ మనిషికి మాత్రం అది ఒక కొత్త ఉనికి. ఇక ఆయన మాల కాదు, మాదిగ కాదు, కాపు కాదు, ఆ ఒక్క మాటే.

నేటాలు ఉత్తర తీరంలో కీర్స్‌నీ వద్ద హ్యూలెట్ దొర తేయాకు తోటలు ఉండేవి. అక్కడి కూలీలలో నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్తిస్టులు ఉన్నారు. తమకు తమ భాషలో బోధించే మనిషి కావాలని వారు స్వదేశానికి కబురు పంపారు. 1903లో జాన్ రంగయ్య నెల్లూరు నుండి కుటుంబంతో సహా వచ్చాడు. ఆయనను పంపినది పాశ్చాత్య సంఘం కాదు, తెలుగు బాప్తిస్టులు నడుపుకున్న సంఘం. ఆ ఏడాది చివర కీర్స్‌నీలో తెలుగు బాప్తిస్టు సంఘం ఏర్పడింది. రంగయ్య 1915లో మరణించే వరకు నేటాలులోనే పనిచేశాడు.

మన భాషాచరిత్రలో ఈ సంగతికి తగిన చోటు దక్కలేదు. తోటలలో తెలుగు చదవడం, వ్రాయడం నేర్పినవారిలో ఈ సంఘాలవారు ఉన్నారు. పురుషోత్తమ చౌదరి వంటివారు రచించిన తెలుగు క్రైస్తవ కీర్తనలు మనవారి రాగాలలోనే ఉండేవి. చౌదరి (1803–1890) కూడా బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి మతం మారినవాడే. తన ఇంటివారికి దూరమైనవాడు, తెలుగు పాటకు దూరం కాలేదు. ఆ తొలి తరం క్రైస్తవులకు నియమాలు కఠినమే అయినా, ప్రార్థన తమ భాషలో సాగింది. గుడి మారింది, నోటి మాట మారలేదు.

1931లో తెరుచుకున్న రెండు తలుపులు

1931లో మన సమాజంలో రెండు సంస్థలు మొదలయ్యాయి. ఒకటి ఆంధ్ర మహాసభ. తెలుగు భాషను, ఆచారాలను కాపాడటం దాని ఆశయం. రెండవది పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో జె. ఎఫ్. రౌలాండ్స్ ప్రారంభించిన పెంతెకోస్తు కూటం. అదే తరువాత బెథెస్డా పేరుతో డర్బన్ భారతీయులలో పెద్ద సంఘమైంది. ఒక ఇంటిలో అన్న మహాసభ పాఠశాలకు, తమ్ముడు బెథెస్డా కూటానికి వెళ్లిన కుటుంబాలు నాకు తెలుసు.

పెంతెకోస్తు సంఘాలు పెరిగిన కాలం కూడా ముఖ్యం. 1950లో గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చింది. భారతీయులు తరతరాలుగా నివసించిన చోట్లు వారికి కాకుండా పోయాయి. మేగజీన్ బ్యారక్స్, కేటో మేనర్ వంటి చోట్ల నుండి వేలాది కుటుంబాలను చాట్స్‌వర్త్‌కు తరలించారు. ఉమ్మడి కుటుంబాలు చిన్న ఇళ్లలోకి విడిపోయాయి. వీధిలోని గుడి, గుడి ముందరి రావిచెట్టు, పిలిస్తే పలికే మేనమామ, అన్నీ వెనుకబడ్డాయి. కొత్త వీధిలో తలుపు తట్టి, “మీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా? ప్రార్థన చేయమంటారా?” అని అడిగినవారు పెంతెకోస్తు సంఘస్థులు.

ఈ సంఘాల నియమాలు స్పష్టంగా ఉండేవి. మద్యం, పొగాకు లేవు. చాలాచోట్ల సినిమా, నగలు కూడా లేవు. విగ్రహానికి నైవేద్యం పెట్టినది తినరాదు. బొట్టు తీసివేయాలి. ఇంటిలోని దేవుని పటాలు, దీపం ఉండరాదు. తాగుడుతో చెడిన ఇళ్లకు ఈ కఠినత్వమే రక్షణ అయింది. జీతం ఇంటికి రావడం మొదలైంది. ఈ మాట ఒప్పుకోకుండా ఈ విషయం గురించి న్యాయంగా మాట్లాడలేము. అయితే ఇంటిలో శాంతి తెచ్చిన నియమమే ఇంటిల్లిపాది నడుమ గోడగా నిలిచిన సందర్భాలూ ఉన్నాయి.

మా మేనత్త

నాన్నగారి చెల్లెలు, అంటే మా మేనత్త, చాట్స్‌వర్త్‌కు వచ్చిన కొన్నాళ్లకు ఇలా మారింది. ఆమె కుమారునికి జబ్బు చేసినప్పుడు పొరుగువారు వచ్చి రాత్రంతా మోకాళ్లపై ప్రార్థించారు. పిల్లవాడు కోలుకున్నాడు. అత్త ఆ సంఘంలో చేరింది. మామయ్య చేరలేదు. మా ఇంటిలో మరెవరూ చేరలేదు. గుండ్లకమ్మ ఒడ్డున రెండువేల మంది మునిగితే, అత్త ఒక్కతే మునిగింది.

వెలి ఎలా ఏర్పడుతుందో ఆమె జీవితంలో నేను చూశాను. ఎవరూ ఆమెను వెళ్లగొట్టలేదు. ఒక్కొక్క చిన్న పనిలో ఆమె కొద్దికొద్దిగా బయటకు జరిగింది.

మొదటిది తిండి. పురటాసి మాసపు శనివారాలలో మా ఇంట గోవిందునికి పూజ. అరటి ఆకులో అన్నం, పప్పు, వడ, పాయసం. అత్తకు ఎంతో ఇష్టమైన వంట. అది నైవేద్యం కనుక ఆమె ముట్టదు. మారియమ్మన్ అంబలి ప్రార్థనకు వీధి వీధంతా వెళ్లేది, ఆమె వెళ్లేది కాదు. నైవేద్యం తినవచ్చునా లేదా అన్న ప్రశ్న క్రైస్తవులలో చాలా పాతది. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో దీనిపై దీర్ఘంగా చర్చించాడు. విగ్రహం వట్టిదేనని ఒప్పుకుంటూనే, బలహీనుడైన సోదరుని మనస్సు నొచ్చకుండా నడుచుకోమన్నాడు. కొన్ని సంఘాలు దీనిని మెతకగా, కొన్ని కఠినంగా అర్థం చేసుకుంటాయి. అత్త చేరిన సంఘం కఠినమైనది.

రెండవది పంచాంగం. ఇంటివారి సంవత్సరం ఉగాది, వినాయక చవితి, దీపావళి, పెద్దలకు పెట్టే రోజు చుట్టూ తిరిగేది. అత్త సంవత్సరం ఆదివారాల చుట్టూ, ఈస్టరు చుట్టూ తిరిగేది. ఇంటిల్లిపాదికి సెలవైన రోజున ఆమెకు పని. ఆమెకు పండుగైన రోజున ఇంట్లో అందరూ నిద్ర. కలిసి నవ్వడానికి కూడా ఒక తిథి కావాలని అప్పుడు తెలిసింది.

మూడవది నోటి మాట. కాలికి రాయి తగిలితే ఆమె నోట “అయ్యో రామా” అనే వచ్చేది. వెంటనే నాలుక కరుచుకునేది. తెలుగులో బాధకు, ఆశ్చర్యానికి, ఆవలింతకు కూడా మనం దేవుని పేరే పలుకుతాము. ఆ మాటలను మానుకున్న మనిషికి బాధ చెప్పుకునే మాట మిగలదు. క్రమంగా ఆమె ఇంట్లో కూడా ఇంగ్లీషులోనే మాట్లాడసాగింది. సంఘంలో ఆరాధన ఇంగ్లీషులో జరిగేది కనుక అది సులువైంది. కీర్స్‌నీ క్రైస్తవులకు ఉన్న తెలుగు ఆసరా ఆమెకు లేదు.

నాలుగవది చావు. ఇది అన్నిటికన్నా కష్టమైనది. నానమ్మ పోయినప్పుడు అత్త వచ్చింది. కర్మకాండ మొదలుకాగానే గేటు వద్దకు వెళ్లి నిలబడింది. కొబ్బరికాయ కొట్టడం, దీపం పెట్టడం, నోట బియ్యం వేయడం, వీటిలో ఏదీ ఆమె చేయలేదు. బంధువులలో కొందరు వినబడేలా అన్నారు: “కన్నతల్లికి పిడికెడు బియ్యం వేయలేని కూతురు.” ఆమె నమ్మకం ఏమిటో వారికి తెలియక కాదు. పోయిన మనిషికి చేయవలసిన పనిని చేయకపోవడమే వారి కంటికి కనబడింది. తన దేవునికి ఇచ్చిన మాటను తప్పకపోవడం ఆమెకు ముఖ్యం. రెండు వైపులా విశ్వాసమే ఉంది.

కొత్త ఇంటిలో కొత్తవారు

ఇంతవరకు చెప్పినది పాత ఇంటి సంగతి. కొత్త ఇంటిలో ఆమె పూర్తిగా లోపలి మనిషి అయిందా? నేను పెద్దయ్యాక ఒకసారి అడిగాను. కాసేపు ఆలోచించి, “అక్కడ అందరూ నన్ను ప్రేమగా చూస్తారు. కానీ నన్ను ఇంకా అతిథిలాగే చూస్తారు” అన్నది.

దీనికి కారణం “సాక్ష్యం” అనే ఆచారంలో కొంత ఉంది. సాక్ష్యం అంటే కళ్లారా చూసినదానిని చెప్పడం. సంఘంలో ఒక మనిషి లేచి, తాను పూర్వం ఎలా ఉండేవాడో, ఎలా మారాడో అందరి ముందు చెప్పడాన్ని సాక్ష్యం అంటారు. మొదటిసారి చెప్పినప్పుడు అది విడుదల. ఇరవయ్యోసారి చెప్పమన్నప్పుడు మరొకటి జరుగుతుంది. ఆ మనిషి ఎప్పటికీ “విగ్రహాలను విడిచి వచ్చినావిడ”గానే ఉండిపోతుంది. సంఘంలో పుట్టినవారికి అటువంటి కథ ఉండదు, ఎవరూ అడగరు. కథ లేకపోవడమే లోపలివారి గుర్తు. పైగా ఆ సాక్ష్యంలో తల్లి దీపాన్ని చీకటి అని చెప్పవలసి వచ్చేది. ఆ మాట పలికిన ప్రతిసారీ ఆమె గొంతు తగ్గేదట.

మరొక కారణం, లోపలివారికి ఒంటబట్టినది బయటినుండి వచ్చినవారు నేర్చుకుని చేయవలసి రావడం. పాటకు ఎప్పుడు లేవాలి, ఏ మాటకు “ఆమెన్” అనాలి, బైబిలులో హబక్కూకు గ్రంథం ఎక్కడ ఉంది, ఇవన్నీ పుట్టినప్పటి నుండి విన్నవారు తడుముకోరు. అందుకే కొత్తవారు తరచుగా నియమాన్ని మించి నియమం పాటిస్తారు. ఆ కఠినత్వాన్ని చూసి బంధువులు గర్వం అనుకుంటారు. చాలాసార్లు అది భయం. ఒక్క తప్పు చేస్తే తాను ఇంకా బయటిదాన్నేనని తేలిపోతుందన్న భయం.

ఇది క్రైస్తవులకు మాత్రమే పరిమితమైన అనుభవం కాదు. 1985లో చాట్స్‌వర్త్‌లో హరే కృష్ణ ఉద్యమం వారు పెద్ద మందిరం కట్టారు. మన హిందూ కుటుంబాలలో పుట్టి ఆ మార్గంలో దీక్ష తీసుకున్నవారు మాంసం, చేపలు, గుడ్లు, మద్యం, టీ, కాఫీ మానుకుంటారు. ఉల్లి, వెల్లుల్లి కూడా తినరు. వారు కూడా అమ్మ వండిన కోడికూర ముందు నుండి లేచిపోయినవారే. దేవుడు మారకపోయినా కంచం మారితే చాలు, ఎడం ఏర్పడుతుంది. పొత్తు గురించి మన పెద్దలు చెప్పిన మాట ఇక్కడ కూడా నిజమవుతుంది.

యూదుల గ్రంథంలో, క్రైస్తవ బైబిలులో కూడా ఉన్న రూతు కథను చూడండి. ఆమె మోయాబు దేశపు విధవ. అత్తగారైన నయోమిని విడువక, ఆమె దేవుణ్ణి తన దేవునిగా చేసుకుని బేత్లెహేము వచ్చింది. యూదు సంప్రదాయం ఆమెను మతం స్వీకరించినవారికి ఆదర్శంగా చూస్తుంది. అయినా ఆ కథ ఆమె ఊరు చేరిన తరువాత కూడా పలుమార్లు ఆమెను మోయాబు స్త్రీ అనే పిలుస్తుంది. చివరకు ఆమె దావీదు రాజుకు ముత్తవ్వ అయింది. లోపలిది కావడానికి పట్టిన కాలం అది. రూతు ఒంటరితనాన్ని పోగొట్టినది పొలంలో పరిగ ఏరుకోనిచ్చిన చేయి, పిలిచి పెట్టిన భోజనం, ఆపై పెళ్లి. అక్కడ కూడా కంచం పొత్తు, మంచం పొత్తే.

దీపం పెట్టకముందు తీసిన డబ్బా

మా నానమ్మ బడికి వెళ్లలేదు. ఈ చిక్కును ఆమె విప్పిన తీరు మాత్రం నేను ఎక్కడా చదవలేదు. దీపావళికి ముందురోజు పిండివంటలు చేసేది. దేవుని ముందు దీపం పెట్టకముందే, ఒక రేకు డబ్బాలో అరిసెలు, కారపుపూస నింపి, మూత బిగించి పక్కన పెట్టేది. “ఇది దేవుడికి చూపించలేదు. మీ అత్తకు ఇచ్చి రా” అని నన్ను పంపేది. అత్త ఆ డబ్బా అందుకుని ఏమీ అడిగేది కాదు. క్రిస్మస్‌కు అదే డబ్బా కేకుతో నిండి తిరిగి వచ్చేది. నానమ్మ దానిని గోవిందుని పటం ముందు పెట్టేది కాదు. అది ఆమె మర్యాద.

ఇద్దరిలో ఎవరూ తమ నియమాన్ని వదులుకోలేదు. నియమం అంటని చోటు ఒకటి వెదికి పట్టుకున్నారు. అటువంటి చోట్లు వెదికితే ఉంటాయి. నానమ్మ పోయిన రోజున, కర్మ మొదలుకాకముందు, శవానికి స్నానం చేయించేటప్పుడు అత్త లోపలే ఉంది. తల్లి తలకు నీళ్లు పోసి, జుట్టు చిక్కు తీసి ముడి వేసినది ఆమే. నీళ్లు పోయడం పూజ కాదు కనుక ఆమె సంఘం అభ్యంతరం చెప్పదు. తల్లికి కూతురు చేయవలసిన పని కనుక మా ఆచారమూ అభ్యంతరం చెప్పదు. గేటు వద్ద నిలబడిన అత్తను చూసినవారు చాలామంది. ఆ ముడి వేసిన చేతులను చూసినవారు నలుగురైదుగురు ఆడవారే. బంధువులు ఇప్పటికీ గేటు సంగతే చెప్పుకుంటారు.

వంశవృక్షంలో తెగిన కొమ్మ

ఇది చదువుతున్న మీలో చాలామంది ఓడ పట్టికలు వెదుకుతూ, వంశవృక్షాలు గీస్తూ, మరచిపోయిన తెలుగును తిరిగి నేర్చుకుంటున్నవారు. ఆ పనిలో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. మతం మారిన కొమ్మను గీయకుండా వదిలేస్తారు. “వాళ్లు చర్చివాళ్లు, మన ఆచారం వదిలేశారు” అని ఒక వైపువారు అంటారు. “ఆ పాత సంగతులు మాకెందుకు?” అని రెండవ వైపువారు అంటారు. ఈ విధంగా రెండు వైపులా కలిసి, ఎవరూ తీర్మానించకుండానే, ఒక మనిషిని వెలివేస్తారు.

కనుక కొన్ని సూచనలు చేస్తున్నాను. వంశవృక్షంలో మతం మారిన బంధువు పేరు రెండు రూపాలలోనూ వ్రాయండి. పుట్టినప్పటి పేరు అప్పలమ్మ, బాప్తిస్మపు పేరు రాహేలు అయితే రెండూ ఆమెవే. ఓడ పట్టికలో కులం గడిలో “క్రిస్టియన్” అని కనబడితే అక్కడితో వెదకడం ఆపకండి. ఊరు, తాలూకా చూడండి. ఒంగోలు, కందుకూరు, కనిగిరి తాలూకాలైతే మీ పూర్వుల ఊళ్లు గుండ్లకమ్మ ఒడ్డు కథకు దగ్గరివి కావచ్చు. పాత ట్రంకుపెట్టెలో తెలుగు బైబిలు గాని, కీర్తనల పుస్తకం గాని దొరికితే దానిని మీది కాదని పక్కన పెట్టకండి. మొదటి పేజీలో పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు తెలుగులో వ్రాసి ఉండే అవకాశం ఉంది. అదే విధంగా, మీరు క్రైస్తవ శాఖకు చెందినవారైతే, ఉగాది పచ్చడిలో వేసే ఆరు రుచుల పేర్లు నేర్చుకోవడానికి మీకు ఎవరి అనుమతీ అక్కరలేదు. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు అనేవి తెలుగు మాటలు. వాటికి బాప్తిస్మం లేదు, దీక్ష లేదు.

అత్త ఇప్పుడు ముసలిది. రెండేళ్ల క్రితం నేను తెలుగు తరగతిలో చేరానని చెబితే మొదట మాట మార్చింది. తరువాత నెమ్మదిగా, “ఏం నేర్పుతున్నారు?” అని అడిగింది. చుట్టరికాల పేర్లు చదివి వినిపించాను. మేనత్త, మేనమామ, పినతల్లి, తోడికోడలు. ఒక చోట నా ఉచ్చారణ తప్పితే దిద్దింది. ఇరవై ఏళ్లుగా ఆమె నోట నేను తెలుగు వినలేదు. ఆ తరువాత లేచి వంటింటిలోకి వెళ్తూ గుమ్మానికి కాలు తగిలించుకుని “అమ్మా!” అన్నది. ఆ మాటకు నాలుక కరుచుకోనక్కరలేదు.